సబ్బెక్కడ సారూ?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానాలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత నలుగురు తల్లులు ప్రాణాలొదిలారు. ఇన్‌ఫెక్షనే కారణమన్నారు. రోగికీ రోగికీ మధ్య పరికరాలు శుద్ధి చేయడానికి కాస్త సమయం పడుతుంది మరి. టార్గెట్‌కు అంత ఓపికెక్కడిది!

అప్పుడు మాత్రం యంత్రాంగం పరుగులు పెట్టింది. విచారణ, నివేదిక, చర్యలు, కొత్త మార్గదర్శకాలు... కాగితానికి లోటు రాలేదు. చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో సహా గోడకు అంటించారు. ఆ బొమ్మ కిందున్న కుళాయి తిప్పి చూడండి, కొన్నిచోట్ల గాలి ధారాళంగా వస్తుంది. సబ్బుపెట్టెలో సూది మూతలుంటాయి.

ఆరోగ్యశాఖ పెద్దలకో మనవి: ఈసారి తనిఖీకి ఫైలుతోపాటు రెండు సబ్బులు కూడా పట్టుకెళ్లండి.