"ఏసీ కారుతున్నది": టీకా తాత్పర్య సహితం

మూలం: "అన్నా, బండిల ఏసీ కారుతున్నది, జర జల్ది రా!"

ఈ వాక్యానికి కర్త ఒక క్యారవాన్ డ్రైవరు. స్థలం షామీర్‌పేట దగ్గర, రాజీవ్ రహదారికి పక్కగా ఉన్న ఒక రిసార్టు. సందర్భం సినిమా షూటింగు. శ్రోత మేడ్చల్‌లో 44వ జాతీయ రహదారి పక్కన షెడ్డు పెట్టుకున్న ఏసీ మెకానిక్కు. రెండూళ్లనూ ఔటర్ రింగు రోడ్డు కలుపుతోంది కాబట్టి దూరం అడ్డు కాదు, అర్థమే అడ్డు. ముసురు పట్టిన ఆగస్టులో, హీరో మేకప్ కుర్చీ మీద బొట్లు పడుతున్న వేళ, వ్యాఖ్య లేకుండా ఈ వాక్యాన్ని అందుకున్న మెకానిక్కు తప్పు సామాను పట్టుకుని బయల్దేరతాడు.

వ్యాఖ్య రాయడం ఈ దిక్కుకు కొత్త విద్యేమీ కాదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఊరు మెదక్ జిల్లాలోని కొల్చారం. మేడ్చల్‌కు వాయవ్యాన పక్క జిల్లాయే. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నారు. ఏసీ మెకానిక్కుకూ ఈ నియమం చాలు. కాకపోతే రెండో సగం పాటించేవాళ్లు ఆ రోజుల్లోనూ అరుదే. పైగా మల్లినాథుడు మేఘసందేశానికి కూడా వ్యాఖ్య రాశారు. అలాంటి సీమలో మేఘం నీళ్లేవో, మెషీను నీళ్లేవో తేల్చుకోలేకపోతే నామోషీ.

టీక: అన్నా = ఓ మెకానిక్కూ (వయసుతో నిమిత్తము లేదు; పని పడినవాడే అన్న); బండిల = మేకప్ అద్దమును, సోఫాను, బాత్రూమును కడుపున దాచుకొన్న బస్సునందు; ఏసీ = కప్పు మీది చల్లయంత్రము; కారుతున్నది = నీరు విడుచుచున్నది (ఎప్పుడు, ఎంత, ఎటునుండి అనునవి అధ్యాహార్యములు); జర = కొంచెము (నిజమునకు మిక్కిలి); జల్ది = షాట్ రెడీ అను కేక వినబడులోపల; రా = వచ్చిన పిమ్మట డబ్బుల మాట మాట్లాడుకొందము.

ముందు బండి సంగతి. హిందీ సినిమావాళ్లు వ్యానిటీ వ్యాన్ అనే దాన్ని తెలుగు సినిమావాళ్లు క్యారవాన్ అంటారు. చక్రాల మీద ఇల్లు అనే ఆలోచన తెలుగువాళ్ల కళ్లకు బాగా ఆనింది మాత్రం 1982లో. ఎన్టీ రామారావు పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ బండి కప్పు మీద ఉండేది ఏసీ కాదు, స్వయంగా ఆయనే. కాబట్టి ఆనాటి కప్పుకు సంబంధించిన సమస్యలు వేరు. తర్వాత ప్రచార బస్సులు వచ్చాయి, హీరోల క్యారవాన్లు వచ్చాయి. 2021లో కేరళ ప్రభుత్వం కేరవాన్ పేరుతో పర్యాటక పథకమే పెట్టింది. అమెరికాలో సెలవలకు మోటర్ హోమ్ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కు బయల్దేరే తెలుగు కుటుంబాలు సరేసరి. ఊర్లు మారినా నడినెత్తిన కన్నం మాత్రం మారదు.

కన్నం అన్నది తిట్టు కాదు, కొలత. కప్పు మీద కూర్చోబెట్టే ఏసీల కోసం బండి పైభాగాన 14 అంగుళాల చదరాన్ని కోస్తారు. యంత్రం దాని మీద కూర్చుంటుంది. బరువు నలభై కిలోల దాకా. సామర్థ్యం సాధారణంగా 13,500 బీటీయూ. 12,000 ఒక టన్ను కాబట్టి టన్ను కంటే కాస్త ఎక్కువ. యంత్రానికీ కప్పుకూ మధ్య అంగుళం మందం ఫోము గ్యాస్కెట్టు, లోపలి నుంచి నాలుగు పొడుగాటి బోల్టులు. అంతే. అంత ఖరీదైన బండిలోకి వాన రాకుండా కాపలా కాసేది ఈ ఫోము చట్రం ఒక్కటే అని తెలిస్తే ఓనరుకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇక కారుతున్నది అనే క్రియ. ఏసీ నీరు విడవడం రోగం కాదు, పుట్టుక. 1902లో విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం తన యంత్రానికి రూపకల్పన చేశాడు. అక్కడ ఇబ్బంది మనుషుల చెమట కాదు, కాగితం. గాలిలో తేమ పెరిగి తరిగినప్పుడల్లా కాగితం సాగి ముడుచుకునేది, రంగు మీద రంగు సరిగా పడేది కాదు. గాలిలోని నీటిని పిండడానికి పుట్టిన యంత్రం పిండిన నీటిని ఎక్కడో ఒకచోట వదలాలి కదా. కప్పు ఏసీలో చల్లటి కాయిలు కింద ఒక పళ్లెం ఉంటుంది, పళ్లేనికి డ్రెయిన్ రంధ్రాలుంటాయి. ఆ దారిన నీరు గ్యాస్కెట్టుకు వెలుపల కప్పు మీద పడి, అంచు దాకా పోయి, నేలకు జారాలి. అంటే యంత్రం తన నీటిని తాను కూర్చున్న కప్పు మీదే పోసుకుంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తక్కిన వ్యాఖ్యంతా సులభం.

శంక: మే నెల మండుటెండలో పొద్దస్తమానం నడిచినా చుక్క రాల్చని ఏసీ, ఆగస్టులో ఎందుకు ధార కడుతుంది? ఎండ తక్కువే కదా?

సమాధానం లెక్కలో ఉంది. మేలో మేడ్చల్ గాలి 40 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో ఉందనుకుంటే, ఘనమీటరు గాలిలో పది గ్రాముల నీరు ఉంటుంది. ఆగస్టులో 30 డిగ్రీలు, 70 శాతం తేమ అనుకుంటే అదే ఘనమీటరులో ఇరవై ఒక్క గ్రాములు. అంటే ఎండాకాలం గాలి వేడిదే కానీ ఎండుది; పిండినా పెద్దగా రాదు. వానాకాలం గాలి రెండింతలు తడిసి ఉంటుంది. టన్ను ఏసీ అలాంటి రోజున గంటకు సుమారు లీటరున్నర నీరు తీయగలదు. ఉదయం 9కి మొదలై సాయంత్రం 6కి ముగిసే కాల్షీటు పూర్తయ్యేసరికి దాదాపు ఒక బక్కెట్టు. సరిగ్గా అదే రోజుల్లో వానా పడుతుంది. అందుకే డ్రైవరు వానను తిడతాడు, ఓనరు ఏసీని తిడతాడు, ఇద్దరూ పాక్షికంగా ఒప్పే. అమెరికాలో ఇదే కథ మైళ్లలో నడుస్తుంది. ఎండు గాలి అరిజోనాలో చుక్క కార్చని ఏసీ, అదే బండిలో ఫ్లోరిడా చేరగానే పడక మీద కారుస్తుంది.

కాబట్టి రోగం తేల్చే విధానం ఇది. వాన లేని పూట, కప్పు పొడిగా ఉండగా ఏసీ వేసి కొంతసేపు చూడాలి. కారితే అది మెషీను నీరు. పళ్లెం, రంధ్రాలు, కాయిలు చూడాలి. కారకపోతే ఏసీ ఆపేసి, ఒకరు పైన మగ్గుతో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు లోపల టార్చి పట్టుకుని కన్నం వైపు చూడాలి. పోసేటప్పుడు కింది వైపు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందే పైనుంచి గుమ్మరిస్తే నీరు అన్ని కీళ్లనూ తడిపి దొంగను గుంపులో కలిపేస్తుంది. ఒక్కోచోట పోశాక కాసేపు ఆగాలి. ఈ ఆగడమే షూటింగు రోజున కుదరని పని.

ఇక్కడొక విశేషం. చాలాసార్లు నేరం యాంటెన్నా బిగించిన మరమేకుదో, కప్పు రేకులు కలిసే కీలుదో, అంచున ఉన్న చిన్న లైటుదో అవుతుంది. అక్కడ దూరిన నీరు సీలింగు వెనక ఇనుప పట్టీల వెంట ప్రయాణించి, బయటపడటానికి దొరికిన మొదటి కంతలోంచి దిగుతుంది. సీలింగులో కంత ఎక్కడుంది? ఏసీ దగ్గర. అలా ఏమీ ఎరగని యంత్రం మీద నింద పడుతుంది. షామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది కానీ, ఏసీ తరఫున వాదించడానికి అక్కడి నుంచి ఎవరూ రారు.

పూర్వపక్షం: "ఏముందన్నా, చుట్టూ సిలికాన్ కొట్టేస్తే అయిపాయె."

ఈ మతానికి అనుయాయులు ఎక్కువ. ట్యూబు చవక, పని క్షణాల్లో ముగుస్తుంది, చూడటానికి కట్టుదిట్టంగా కనిపిస్తుంది. వారం రోజులు ఆగుతుంది కూడా. కానీ ఇది ఖండనార్హం. పైన చెప్పుకున్నట్టు యంత్రం తన నీటిని తన అడుగునే కప్పు మీదికి వదులుతుంది. అడుగు చుట్టూ గట్టు కడితే ఆ నీటికి బయటి దారి మూసుకుంటుంది. అది మడుగై, పెరిగి, 14 అంగుళాల కన్నం అంచు దాటి సోఫా మీదికే వస్తుంది. వానను ఆపబోయి ఏసీ నీటిని లోపలికి ఆహ్వానించినట్టు. తయారీ కంపెనీల మాన్యువళ్లు కూడా అడుగు చుట్టూ సీలెంటు పూయవద్దనే చెబుతాయి. యాంటెన్నా దగ్గర, రేకు కీళ్ల దగ్గర సీలెంటు వాడటం వేరు, అక్కడ తప్పనిసరి. అదే ట్యూబు రెండు జానల అవతల మందు, ఇక్కడ విషం.

సిద్ధాంతం జాగ్రత్తలతో మొదలవుతుంది. ముందు కరెంటు. జనరేటరూ ఆపాలి, బయటి నుంచి తెచ్చిన ప్లగ్గూ పీకాలి. ఒకటి ఆపి రెండోది మరిచిపోవడం ఈ వృత్తిలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. రెండూ ఆపాక కూడా కెపాసిటరులో ఛార్జి మిగిలి ఉంటుంది, దాన్ని ఖాళీ చేయకుండా వైర్ల జోలికి పోరాదు. పైకి ఎక్కితే నేరుగా కాలు మోపకుండా పలక వేసుకోవాలి. ఫైబరు కప్పయితే బరువుకు కుంగుతుంది, రేకు కప్పయితే మధ్యాహ్నానికి కాలు కాలుతుంది.

పై మూత తీయగానే సగం రహస్యం బయటపడుతుంది. డ్రెయిన్ రంధ్రాల్లో ఆకులు, మట్టి, రోడ్డు దుమ్ము. కొన్నిసార్లు కందిరీగ ఓపికగా కట్టుకున్న మట్టిగూడు. పళ్లెం నిండి పొంగి లోపలికి దిగడానికి ఇంత చాలు. తీగతో నెమ్మదిగా గీకి, పళ్లెంలో మగ్గు నీళ్లు పోసి, కప్పు మీదికి స్వేచ్ఛగా పోతున్నాయో లేదో చూడాలి. పోతే మూత పెట్టేసి దిగొచ్చు. ఎండకు పెళుసెక్కిన ఆ ప్లాస్టిక్ మూత మరలు మరీ బిగిస్తే పగులుతుంది, అది కొత్త చిల్లు.

అక్కడ తేలకపోతే గ్యాస్కెట్టు. ప్రయాణపు కుదుపులకు బోల్టులు సడలుతాయి. కొంచెం సడలితే లోపలి నుంచి ఎదురెదురుగా కాస్త కాస్త బిగిస్తే సరిపోతుంది. కానీ ఫోము ఏళ్ల తరబడి ఎండి అప్పడంలా అణిగిపోయి ఉంటే, ఇంకా బిగించిన కొద్దీ కప్పే లోపలికి వంగుతుంది, వంగిన చోట నీరు నిలుస్తుంది. అప్పుడు మార్చడమే మార్గం. లోపలి గ్రిల్లు విప్పి, వైరు ప్లగ్గు తీసి, బోల్టులు తీసి, ఇద్దరు మనుషులు యంత్రాన్ని నిలువుగా ఎత్తాలి. కప్పు మీద ఈడ్చరాదు. పాత ఫోము బంకతో సహా గీకి, కన్నం అంచున చెక్క మెత్తబడిందా, ఇనుము తుప్పు పట్టిందా అని వేలితో నొక్కి చూసి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త గ్యాస్కెట్టు పెట్టి, యంత్రాన్ని పైనుంచి దించాలి. తర్వాత నాలుగు బోల్టులూ వంతులవారీగా బిగిస్తూ ఫోము మందం సగానికి అణిగాక ఆపాలి. పరుపు కొట్టులో కోయించిన ఫోము ముక్క పనికిరాదు. అది నీటిని ఆపదు, పీల్చి దాచుకుంటుంది. నీరు పీల్చని రకం, ఆ యంత్రం కొలతకు చేసినదే తేవాలి.

రెండు ఉపశంకలు మిగిలాయి. ఏసీ నడుస్తున్నంతసేపూ బాగుండి, ఆపగానే దబదబా కారితే? కాయిలు మీద మంచు పేరుకుందన్నమాట. క్యారవాన్ ఫిల్టరు ఊరి దుమ్మును మాత్రమే కాదు, ఫేస్ పౌడరునూ హెయిర్ స్ప్రేనూ భరిస్తుంది. అది పూడుకుపోతే గాలి ఆడక కాయిలు గడ్డకడుతుంది, ఆపగానే ఆ మంచంతా ఒక్కసారి కరిగి పళ్లెం పట్టనంత నీరవుతుంది. ఫిల్టరు కడిగితే తీరేదానికి గ్యాస్కెట్టు మార్పించుకున్న ఓనర్లు ఉంటారు. రెండోది, నిన్న కారలేదు, ఇవాళ కారుతున్నది అంటే? బండి ఎక్కడ నిలిపారో అడగాలి. షామీర్‌పేట చుట్టుపక్కల నేల ఎగుడుదిగుడు. ముందు చక్రాలు పల్లంలో ఉంటే పళ్లెంలో నీరు రంధ్రం లేని వైపు చేరి పొర్లుతుంది. చక్రాల కింద చెక్కముక్క పెట్టి బండిని మట్టం చేస్తే మెకానిక్కు రాకముందే రోగం కుదురుతుంది.

పాఠాంతరం: కొన్ని బండ్లలో "బండిల స్ప్లిట్ ఏసీ కారుతున్నది" అని ఉంటుంది. మన దగ్గర కట్టిన చాలా క్యారవాన్లలో గోడకు ఇంటి స్ప్లిట్ ఏసీయే ఉంటుంది. ఆ పాఠంలో కన్నం చర్చ అంతా వ్యర్థం. డ్రెయిన్ పైపు మడత పడిందా, వాలు తప్పిందా అని చూస్తే చాలు.

తాత్పర్యం: డ్రైవరన్నలకు ఒక మనవి. ఫోనులో కారుతున్నది అని మాత్రమే చెప్పకండి. వానలోనా, ఎండలోనా, ఏసీ వేసినప్పుడా, ఆపినప్పుడా, బండి పల్లంలో ఉందా అని ఐదు ముక్కలు చెప్పండి, సరైన సామానుతో మనిషి వస్తాడు. ఓనర్లకు ఇంకో మనవి. జూన్ మొదటి వాన పడకముందే బండిని ఒక పూట షెడ్డులో నిలిపి, రంధ్రాలు, బోల్టులు, ఫిల్టరు చూపించండి. గ్యాస్కెట్టు మారిస్తే ఆ తేదీని గ్రిల్లు లోపలివైపు పెన్నుతో రాయించండి. తర్వాత వచ్చే మెకానిక్కు మొదట వెతికేది దాన్నే.