డ్యూటీ చార్టులో ఉద్యోగి, జీతాల పట్టీలో విద్యార్థి

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మన పట్టణాల్లో గోడలకు వైద్యసేవ మీద మమకారం పుట్టుకొస్తుంది. బస్టాండు ప్రహరీ మీద, ఆటో వెనకాల, కరెంటు స్తంభానికి వేలాడే ఫ్లెక్సీ మీద ఒకటే ఓదార్పు. నీట్‌లో ర్యాంకు రాలేదా, బెంగపడకండి, డాక్టరు పక్కన నిలబడే ఉద్యోగం మేమిప్పిస్తాం అని. మెడలో స్టెతస్కోపు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. పక్కన కోర్సులు: ల్యాబ్ టెక్నీషియన్, డయాలిసిస్, ఎనస్థీషియా, క్యాథ్‌ల్యాబ్, ఎక్స్‌రే. అడుగున ఎర్రక్షరాల్లో ‘నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ’. ఆ కింద, చత్వారం రానివాళ్ళకు మాత్రమే ఆనే సైజులో ‘షరతులు వర్తిస్తాయి’.

ఆ ఫ్లెక్సీని తిట్టేవాళ్ళున్నారు. నేను తిట్టను. అది చెప్పేది అక్షరాలా నిజం. ఉద్యోగం గ్యారంటీయే. కోర్సులో చేరిన రెండో ఏడాదికల్లా, కొన్నిచోట్ల రెండో నెలకల్లా, పిల్లవాడు పెద్దాసుపత్రిలో ఉద్యోగం చేస్తుంటాడు. గ్యారంటీ లేనిది జీతానికి. జీతం గురించి ఫ్లెక్సీ ఒక్క ముక్కా అనలేదు గదా!

ఏర్పాటు ఎంత చక్కగా కుదిరిందో చూడండి. కాలేజీ అంటే మూడో అంతస్తులో నాలుగు గదులు, ఒక అస్థిపంజరం, ఒక పాత మైక్రోస్కోపు. మిగతా చదువంతా ఆసుపత్రిలోనే జరగాలి. ఆసుపత్రి చూస్తే వెయ్యి పడకలు దాటిపోయింది. పడకలు పెరిగినట్టు టెక్నీషియన్ పోస్టులు పెరగలేదు. రిటైరైన వాళ్ళ కుర్చీలు అలాగే ఉన్నాయి, మనుషులే లేరు. మధ్యమధ్య కొత్త యంత్రాలు మాత్రం దిగుతుంటాయి. రిబ్బను కత్తిరించడానికి మంత్రిగారు దొరుకుతారు, కొబ్బరికాయ కొట్టడానికి ఎమ్మెల్యేగారు దొరుకుతారు, ఆ యంత్రం మీట నొక్కే మనిషికి మాత్రం పోస్టు మంజూరు కాదు. సరిగ్గా ఆ సమయానికి కాలేజీ నుంచి తెల్లకోట్లు తొడుక్కుని పాతికమంది దిగుతారు. దీన్ని ‘క్లినికల్ పోస్టింగ్’ అంటారు. కాలేజీకి ఫీజు, ఆసుపత్రికి మనుషులు, పిల్లలకు అనుభవం. అందరికీ ఏదో ఒకటి దక్కింది, డబ్బు మాత్రం మొదటివాళ్ళకే దక్కింది.

ఈ పిల్లల్లో ఒక మహత్తు ఉంది. నైట్ డ్యూటీ చార్టు వేసేటప్పుడు వీళ్ళు టెక్నీషియన్లు. నెలాఖరున జీతాల పట్టీ రాసేటప్పుడు విద్యార్థులు. రిపోర్టు ఆలస్యమైతే మళ్ళీ టెక్నీషియన్లు, ‘ఏమయ్యా, బాధ్యత లేదా?’ క్యాంటీన్లో స్టాఫ్ రేటుకు భోజనం అడిగితే మళ్ళీ విద్యార్థులు, ‘నువ్వు స్టాఫ్ ఎలా అవుతావ్?’ ఒకే మనిషి ఒకే రోజులో ఇన్ని అవతారాలెత్తడం పురాణాల్లో కూడా అరుదు.

పక్కనే ఫ్యాక్టరీలో ఐటీఐ చదివిన ఫిట్టర్ అప్రెంటిస్ ఉంటాడు. అతనికి నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలని 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం చెబుతుంది. నట్టు బిగించడం నేర్చుకునేవాడికి యజమాని ఎదురు డబ్బివ్వాలి. మనిషి నరంలో సూది దించడం నేర్చుకునేవాడు మాత్రం తానే ఫీజు కట్టి నేర్చుకోవాలి. దేశానికి నట్ల విలువ తెలుసు.

ఇక్కడ పెద్దలు ఒక మాట అంటారు: ‘పనిలో దిగితేనే గదా పని వచ్చేది! మేమూ అలాగే నేర్చుకున్నాం.’ ఒప్పుకుంటాను. సూది పట్టకుండా రక్తం తీయడం ఎవరికీ రాదు. కానీ నేర్చుకోవాలంటే పక్కన నేర్పేవాడు ఒకడుండాలి. రాత్రి పదింటికి ఆ నేర్పేవాడు ఎక్కడున్నాడు? ఉంటే ఎమర్జెన్సీ ల్యాబులో, బ్లడ్ బ్యాంకులో, ఐసీయూలో మూడుచోట్లా ఒకేసారి ఉండాలి, ఎందుకంటే మూడింటికీ కలిపి ఉన్నది ఆయనొక్కడే.

ఆయన లేని చోట ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ల్యాబులో ఊదా మూత గొట్టం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే పొటాషియం లవణం పూసి ఉంటుంది. అది రక్తకణాల లెక్కకు పనికొచ్చే గొట్టం. బయోకెమిస్ట్రీ గొట్టంలో రక్తం చాలలేదని, ఊదా గొట్టంలోంచి కాస్త ఒంపితే ఏం పోతుందిలే అనుకుంటాడు రెండో నెల కుర్రాడు. పోయేదేమీ ఉండదు, పైగా వస్తుంది. రోగి పొటాషియం ఆకాశాన్నంటుతుంది, కాల్షియం పాతాళానికి పడిపోతుంది. సన్న సూదితో బలవంతంగా లాగినా అంతే, ఎర్రకణాలు పగిలి లోపలి పొటాషియం బయటపడుతుంది. ఆ అంకె నిజమని నమ్మితే రోగికి అక్కర్లేని వైద్యం మొదలవుతుంది. పాతికేళ్ళ సర్వీసున్న టెక్నీషియన్ ఆ రిపోర్టు చూడగానే ‘ఇది మనిషి రక్తం కాదు, గొట్టం రక్తం, మళ్ళీ తియ్యండి’ అంటాడు. ఆ ఒక్క వాక్యం చెప్పగల మనిషికి జీతం దండగని మనం లెక్కగట్టాం.

డయాలిసిస్ గదిలోనూ ఇదే కథ. ఒక్కో రోగికి నాలుగు గంటల డయాలిసిస్‌లో దాదాపు 120 లీటర్ల నీరు ఫిల్టరుకు అవతలివైపు ప్రవహిస్తుంది. ఆ నీటిలో క్లోరమైన్ మిగిలిపోతే రోగి ఒంట్లో ఎర్రకణాలు చితికిపోతాయి. ఆర్‌వో ప్లాంటు దగ్గర పొద్దున్నే పరీక్ష చేసి సంతకం పెట్టాల్సింది అనుభవమున్న టెక్నీషియన్. ఉద్దానం కిడ్నీ బాధితుల గురించి మైకుల ముందు కళ్ళు తుడుచుకోని నాయకుడు లేడు. మిషన్లు ఎన్ని తెచ్చారో అందరూ చెబుతారు. మిషనుకు ఎంతమంది మనుషులని అడిగితే మైకు పనిచేయదు.

ఎక్స్‌రే విభాగానిది మరీ ముచ్చట. రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్ళు ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి దాన్ని పంపి, ఒంటికి ఎంత తగిలిందో లెక్క తీస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. కచ్చితమైన ఏర్పాటే. కాకపోతే బ్యాడ్జి స్టాఫ్‌కు ఇస్తారు. పోర్టబుల్ మిషన్ తోసుకుంటూ వార్డువార్డుకూ తిరిగే కుర్రాడు ‘విద్యార్థి’ అయిపోతే బ్యాడ్జి లేదు. బ్యాడ్జి లేకపోతే లెక్క లేదు. లెక్క లేకపోతే రికార్డు ప్రకారం అతనికి రేడియేషన్ తగలనే లేదు. భౌతికశాస్త్రాన్ని ఇంత చవగ్గా ఓడించిన వ్యవస్థ మరొకటి ఉండదు.

సూది పోటు సంగతీ అంతే. హెపటైటిస్ బి టీకా లేనివాడికి ఆ జబ్బున్న రోగి రక్తమంటిన సూది గుచ్చుకుంటే వందకు ఆరు నుంచి ముప్పై మందికి జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. మూడు డోసుల టీకా దాన్ని ఆపుతుంది. ఆరు నెలల్లో పూర్తయ్యే ఆ మూడు డోసులు ఎవరు వేయించాలి? కాలేజీ ఆసుపత్రి వైపు చూపిస్తుంది, ఆసుపత్రి కాలేజీ వైపు చూపిస్తుంది, సూది మాత్రం ఎటూ చూడకుండా గుచ్చుకుంటుంది.

అలాగని వీళ్ళను మనం గౌరవించలేదా? గౌరవించాం. 2020 మార్చి 22న బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. మే 3న హెలికాప్టర్ మన గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. పీపీఈ కిట్టు లోపల చెమటతో తడిసిపోతూ గొంతులోంచి శాంపిల్ తీసినవాళ్ళ మీదా ఆ రేకులు పడే ఉంటాయి. పూలు పడ్డప్పుడు ఎవరు పర్మినెంటో, ఎవరు కాంట్రాక్టో, ఎవరు ఔట్‌సోర్సింగో, ఎవరు ట్రైనీయో చూడలేదు. ఆ ఒక్కరోజు సమానత్వం వచ్చింది. ‘సమాన పనికి సమాన వేతనం’ తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది గానీ, అది పూలంత తేలిగ్గా కిందికి రాలేదు.

మామూలు రోజుల్లో గౌరవం జిల్లా ఎడిషన్‌లో దొరుకుతుంది. ‘అరుదైన శస్త్రచికిత్స విజయవంతం’ అన్న వార్త చూడండి. సూపరింటెండెంటు గారి పేరు, సర్జన్ల పేర్లు, మత్తు డాక్టర్ల పేర్లు, చివర ‘సిబ్బంది పాల్గొన్నారు’. గుండె ఆపి ఆపరేషన్ చేస్తున్నంతసేపూ హార్ట్‌లంగ్ మిషన్ మీద రోగి ప్రాణాన్ని నిలబెట్టిన పర్ఫ్యూజనిస్టు ఆ ‘సిబ్బంది’లో ఎక్కడో ఉంటాడు. పెళ్ళి ఆల్బంలో వంటవాడిలాగ!

చట్టం లేదా అంటే అదీ ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ పెడుతూ 2021లో పార్లమెంటు చట్టం చేసింది. కనీసం 2,000 గంటల చదువు ఉండాలంది, రిజిస్టరు ఉండాలంది, ఆరు నెలల్లో ప్రతి రాష్ట్రమూ కౌన్సిల్ వేయాలంది. మూడేళ్ళయినా కదలిక లేక 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. మన ప్రభుత్వాలకు వేగం చేతకాదని మాత్రం అనకండి. విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో అది తీసి మళ్ళీ ఎన్టీఆర్ పేరు పెట్టారు. రెండేళ్ళలో రెండు బిల్లులు! అందులో చదివే పిల్లలకు స్టైపెండ్ ఎంతన్నది చర్చకు రానే లేదు.

ఇంక ఆ 2,000 గంటలంటారా, మన పిల్లలకు సమస్యే కాదు. పన్నెండు గంటల నైట్లు చేస్తే నూట అరవై ఏడు రాత్రుల్లో అయిపోతాయి. గంటలు నిండుతాయి, ఆ గంటల్లో నేర్పిందేమిటన్న కాలమ్ నింపడమే కష్టం. చివరికి కుర్రాడు సర్టిఫికెట్ పట్టుకుని అదే ఆసుపత్రిలో నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెడతాడు. ‘రెండేళ్ళ అనుభవం తప్పనిసరి’ అని ఉంటుంది. ఇక్కడే రాత్రింబవళ్ళు పనిచేశాను సార్ అంటే, గుమాస్తా కళ్ళద్దాల మీదుగా చూసి ‘అది ట్రైనింగ్ బాబూ, అనుభవం కాదు’ అంటాడు.

సూపరింటెండెంట్లకు నేను చెప్పేది ఒకటే. ఒక్క నెల డ్యూటీ చార్టునూ జీతాల పట్టీనీ పక్కపక్కన పెట్టి నోటీసు బోర్డు మీద అంటించండి. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేని పేర్లకు స్టైపెండ్, బ్యాడ్జి, టీకా ఇవ్వండి. లేదా ఆ పేర్లు చార్టులోంచి కొట్టేసి, వార్డు ఎలా నడుస్తుందో ఒక రాత్రి చూడండి.

తల్లిదండ్రులకు ఇంకో మాట. ఈ ఏడు ఫీజు కట్టేముందు ఆ కాలేజీ పిల్లల్ని ఏ ఆసుపత్రికి పంపుతుందో కనుక్కోండి. రాత్రి పదింటికి ఆ ఆసుపత్రి ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి, లోపల ఉన్నది ఉద్యోగా విద్యార్థా అని అడగండి. విద్యార్థే అయితే, పక్కన నేర్పేవాళ్ళెవరని కూడా అడగండి. ఆ జవాబు విన్నాకే డబ్బు బయటికి తీయండి.