సున్నా కేసుల ఊరు

షిర్డీ యాత్రకు వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది శని శింగణాపూర్ కూడా చూసి వస్తారు. టూరు ప్యాకేజీలో అది కలిసే ఉంటుంది. దర్శనం కన్నా ముందు చెవిన పడేది ఊరి మహత్యం. ఇక్కడ ఇళ్ళకు తలుపుల్లేవు, తాళాల్లేవు, దొంగతనమన్న మాటే లేదు. ఎవడైనా తెగిస్తే చూపు పోతుంది, లేదంటే ఏల్నాటి శని చుట్టుకుంటుంది. నిజంగానే చాలా ఇళ్ళకు గుమ్మాలే తప్ప తలుపులుండవు. రాత్రిపూట కుక్కలు దూరకుండా ఒక చెక్క అడ్డం పెట్టుకుంటారు; శనిదేవుడి భయం మనుషులకే గానీ కుక్కలకు లేదన్నమాట. 2011లో యూకో బ్యాంకు అక్కడ తాళం లేని శాఖ తెరిచిందని దేశమంతా చెప్పుకుంది. ఆ అద్దం తలుపుకు కంటికి ఆనని విద్యుదయస్కాంత తాళం ఉందన్న ముచ్చటకు మాత్రం అంత ప్రచారం రాలేదు. 2010లో ఒక భక్తుడు తన బండిలోంచి డబ్బు పోయిందంటే, అది ఊరి బయట జరిగిందని స్థానికులు సర్దిచెప్పారు. 2015లో పోలీస్ స్టేషన్ వచ్చింది. 2025లో నకిలీ యాప్‌లతో భక్తుల కానుకలు కాజేశారన్న ఆరోపణ మీద కేసూ నమోదైంది. యాప్‌లోంచి వచ్చేవాడికి తలుపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంతకీ ఈ కథలో మనం ఆగి చూడాల్సిన చోటు వేరే ఉంది. కొన్ని కుటుంబాలు తమ ఇంటికి తలుపు పెట్టుకోనివ్వమని గ్రామ పంచాయతీని అనుమతి అడిగాయి. భయం లేక తలుపు పెట్టుకోకపోవడం వేరు, ఊరి పేరు చెడుతుందని పెట్టుకోనివ్వకపోవడం వేరు. పైగా ఆ ఊళ్ళో తలుపు అసలే లేదనడం కూడా పూర్తి నిజం కాదు. శనిదేవుడి వేదిక మీదికి ఆడవాళ్ళు ఎక్కకుండా గట్టి తలుపే ఉండేది. 2015 నవంబరులో ఒక యువతి ఎక్కితే శుద్ధి చేశారు. ఆ తలుపు 2016 ఏప్రిల్‌లో, బొంబాయి హైకోర్టు చెప్పాక గానీ తెరుచుకోలేదు.

శింగణాపూర్‌ది దేవుడి పేరుతో నడిచే కథ. మన జిల్లాల్లో అదే కథ పోలీసు రికార్డు పేరుతో నడుస్తుంది. ఇన్నేళ్ళుగా ఒక్క కేసూ లేని ఆదర్శ గ్రామమని అప్పుడప్పుడూ జిల్లా పేజీలో ఒక వార్త వస్తుంది. పక్కన రచ్చబండ ఫోటో, దాని మీద తెల్ల పంచెల్లో నలుగురు పెద్దలు. మా ఊళ్ళో ఏ గొడవొచ్చినా మేమే కూర్చుని మాట్లాడుకుంటాం, స్టేషన్ గడప తొక్కం అని వాళ్ళు చెబుతారు. దాన్ని విలేకరి గొప్పగా రాస్తాడు, సీఐ గారు శాలువా కప్పుతారు. ఫోటోలో ఆడమనిషి ఉండదు, ఉంటే హారతి పళ్ళెంతో ఉంటుంది. ఊరి చివరి వాడవాళ్ళు ఉండరు, ఉంటే కుర్చీలు వేసి పక్కకు తప్పుకుని ఉంటారు. ఊళ్ళో నేరం లేదని ఊరి తరఫున సాక్ష్యం చెబుతున్నది ఎవరయ్యా అంటే, నేరం జరిగితే తమదాకా వచ్చే అవకాశం అందరికన్నా తక్కువ ఉన్నవాళ్ళు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం పాత సంగతి; ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు మూయించి తాగుతోంది.

ఆ సున్నా ఎలా తయారవుతుందో దగ్గరగా చూడాలి. దెబ్బలు తిన్నవాడు, లేదా భూమి పోయినవాడు, లేదా ఆడపిల్ల తండ్రి ముందు పెద్దమనిషి దగ్గరికి వెళతాడు. నేరుగా స్టేషన్‌కి వెళితే, ఊళ్ళో పెద్దలు లేరా అని అక్కడే అడుగుతారు కాబట్టి. పంచాయితీ పెట్టేముందు రెండు పక్షాలూ డిపాజిట్ కట్టాలి. తీర్పుకు ఒప్పుకోనివాడి డబ్బు మునుగుతుంది. ఉన్నవాడికి అది చిల్లర, లేనివాడికి అది అప్పు. నాలుగైదు కూర్చోడాల తర్వాత తప్పు వేస్తారు. ఆ డబ్బులో కొంత బాధితుడికి, కొంత గుడికి, కొంత ఆ సాయంత్రం ఖర్చుకు పోతుంది. తెల్ల కాగితం మీద రాజీ రాసి వేలిముద్రలు తీసుకుంటారు, ఆ కాగితం పెద్దమనిషి బీరువాలో ఉండిపోతుంది. ఎవరైనా ఎదురు తిరిగితే వెలి: కిరాణా కొట్లో సరుకు ఇవ్వరు, పొలానికి కూలీలు రారు, చావుకు కూడా ఎవరూ గడప తొక్కరు. నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో ఈ యంత్రాంగం ఎంత బలంగా నడుస్తోందో పత్రికలు చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. జరిమానాలు, వెలివేతలు, బెల్టు షాపుల వేలాలు అన్నీ కమిటీ చేతుల మీదుగానే జరిగిన ఊళ్ళున్నాయి. లైసెన్సు లేని మద్యం అమ్ముకునే హక్కును మైకు పెట్టి వేలం వేసిన ఊళ్ళో కూడా కేసు లేకపోతే ఆ ఊరు నేరరహితమే. రికార్డు అబద్ధం చెప్పదు కదా!

రికార్డు సంగతి కూడా కొంచెం చూద్దాం. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఏటా ఇచ్చే లెక్క జరిగిన నేరాలది కాదు, రాసుకున్న నేరాలది. నేరం పెరగడం వేరు, నమోదు పెరగడం వేరని బ్యూరోనే తన నివేదికలో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదివే ఓపిక మనకు లేదు. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికన్నా పెద్ద శిక్ష ఉన్న ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంటే రాసిన దాంట్లో కూడా కొంత రాలిపోతుంది. ఈ లెక్కల్లో కేరళ ఏటా ముందు వరుసలో కనబడుతుంది. అందువల్ల కేరళ దొంగల రాజ్యమైపోలేదు. అక్కడ జనం వెళ్ళి చెబుతారు, పోలీసులు రాస్తారు. ఇక చిన్న ఊరి విషయంలో నేరాల రేటు అనేదే ఒక హాస్యం. 1,500 మంది ఉన్న ఊళ్ళో ఒక హత్య జరిగితే లక్షకు 66 పైచిలుకు అవుతుంది. 2022లో దేశం మొత్తానికి హత్యల రేటు లక్షకు సుమారు 2. ఆ ఒక్క ఏడాది ఆ పల్లె దేశ సగటుకు ముప్పై రెట్లు భయంకరమైన చోటు, మరుసటి ఏడాది పరమ పవిత్ర క్షేత్రం. ఆ రెండేళ్ళలో ఊళ్ళో మనుషులు మారలేదు, మనసులు మారలేదు, మారింది ఒక అంకె. కాబట్టి ఊరి మీద హంతకుల పల్లె అని ముద్రవేసే టీవీకీ, శాంతిధామమని బోర్డు పెట్టే పంచాయతీకీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ చిన్న సంఖ్యతో పెద్ద మాట చెప్పిస్తున్నారు.

సరే, పల్లెల్లో దొంగతనాలు నిజంగానే తక్కువ కదా అని ఎవరైనా అనొచ్చు. ఒప్పుకోవాల్సిందే. కొత్త మొహం కనబడితే నలుగురు పలకరిస్తారు, ఎవరి పశువు ఎవరి చేలో పడిందో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, పట్నంలో అపార్టుమెంటు పక్క ఫ్లాటు వాడి పేరు తెలియదు. బయటి దొంగ విషయంలో పల్లె కన్ను చాలా చురుకైనది. చిక్కేమిటంటే మనిషికి హాని ఎక్కువగా బయటి దొంగ నుంచి రాదు. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే కావడం నూటికి తొంభైకి పైగా ఉంటుందని అదే బ్యూరో లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో అడిగితే, పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస చూశామన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశవ్యాప్తంగా హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం కోరినవాళ్ళు నూటికి పద్నాలుగుమంది. ఆ పద్నాలుగులో కూడా ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటివాళ్ళ దగ్గరికే, స్టేషన్‌కి కాదు. ఈ లెక్కను పక్కన పెట్టుకుని ఆదర్శ గ్రామం వార్త మళ్ళీ చదవండి. మూడు వందల గడపలున్న ఊళ్ళో పదేళ్ళపాటు ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, ఆ ఊరి మగాళ్ళంతా దేవుళ్ళయినా అయ్యుండాలి, ఆడవాళ్ళ నోరు మూతపడైనా ఉండాలి. మొదటిదానికి నాకైతే ఆధారం దొరకలేదు.

ఈమధ్య ఊరి భద్రత అంటే సీసీ కెమెరాలు. ఒక్క కెమెరా వందమంది పోలీసులతో సమానమన్నది తెలంగాణ పోలీసులు తరచూ చెప్పే మాట. దాతల పేర్లు రాసిన స్తంభం ఊరి మొదట్లో నిలబెడతారు, కెమెరా రోడ్డు వైపు చూస్తుంది. వచ్చేవాడిని చూస్తుంది, పోయేవాడిని చూస్తుంది. వెనక్కి తిరిగి ఊరిని చూడదు. బైకు దొంగను పట్టుకోవడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ భద్రత అంతా బయటివాడిని అనుమానించడంలోనే ఉందని ఊరికి నేర్పితే ఏమవుతుందో మనం చూశాం. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో ఊరూరూ తిరిగి బతికే సంచార కులానికి చెందిన అయిదుగురిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనే వాట్సాప్ పుకారు మీద జనం కొట్టి చంపారు. ఆ గుంపులోవాళ్ళను ఆ క్షణంలో ఆపి అడిగితే ఊరిని కాపాడుకుంటున్నామనే చెప్పి ఉంటారు.

ఇక అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కోర్టుల గురించి. స్టేషన్‌కి వెళితే ఖర్చు, కోర్టుకు వెళితే ఏళ్ళు, గెలిచినవాడు కూడా ఓడినట్టే. ఊళ్ళో పెద్దలు రెండు రోజుల్లో తేల్చేస్తారు. ఇందులో అబద్ధం లేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపితే, ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ విడిచిపెట్టింది. ఆ ఊరి దళితుడికి కోర్టు గొప్పదనం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికీ మొహం చెల్లదు. గట్టు తగాదా, నీళ్ళ వంతు, అన్నదమ్ముల పంపకం ఊళ్ళోనే తెగితే మంచిదే, చట్టం కూడా అడ్డు చెప్పదు. ఏ నేరంలో రాజీ పడొచ్చో, ఎవరు పడాలో చట్టంలోనే పట్టిక ఉంది. లోక్ అదాలత్ ఉంది. కానీ ఆ పట్టికలో అత్యాచారం లేదు, పసిపిల్ల మీద దాడి లేదు, కులం పేరుతో కొట్టడం లేదు. పెద్దమనిషి బీరువాలో మాత్రం ఇవన్నీ ఒకే కట్టలో ఉంటాయి. పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడమే ఒక నేరం. దళితుల్ని, ఆదివాసుల్ని వెలివేయడం 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం కింద నేరం. మహారాష్ట్ర అయితే ఏ కులంవాళ్ళనైనా సరే వెలివేయడాన్ని నేరం చేస్తూ 2016లో విడిగా చట్టమే చేసుకుంది. అంటే రచ్చబండ మీద ఒక పిల్ల కేసు రాజీ చేసిన రోజున ఊళ్ళో నేరం ఒకటి మాయం కాలేదు. ఆ నేరం అలాగే ఉంది, దానికి తోడు కూర్చున్నవాళ్ళ తలకొకటి పెరిగింది. కోర్టు తప్పు చేస్తే తీర్పు కాగితం ఉంటుంది, దాన్ని పట్టుకుని పైకోర్టుకు పోవచ్చు, పదేళ్ళ తర్వాతైనా తిట్టొచ్చు. రచ్చబండకు పైకోర్టు ఏది?

పోలీసుల వాటా కూడా తక్కువేమీ కాదు. పోలీసులు నేరుగా విచారణ చేపట్టగల (కాగ్నిజబుల్) నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ రాయక తప్పదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో 2013లోనే తేల్చింది. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టంలో ఏ స్టేషన్‌లోనైనా కేసు పెట్టుకునే వీలు ఉంది. అయినా స్టేషన్ పరిధిలో కేసులు తగ్గితే సమర్థుడని, పెరిగితే చేతకానివాడని అధికారిని లెక్కవేసినంత కాలం, ఫిర్యాదుదారుణ్ణి ఊరికి తిప్పి పంపడమే నేర నియంత్రణ. ప్రభుత్వాలు ఇంకో అడుగు ముందుకేసి ఆ సున్నాకు వెల కూడా కట్టాయి. మహారాష్ట్ర 2007లో తగాదాలు లేని ఊళ్ళ పథకం మహాత్మాగాంధీ పేరుతోనే మొదలుపెట్టి, జనాభాను బట్టి ఊళ్ళకు లక్షల్లో బహుమతులిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2021 పంచాయతీ ఎన్నికల్లో పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకున్న ఊళ్ళకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించింది. రెండిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే: నోరెత్తకపోతే నజరానా. ఊరికి వచ్చే సిమెంటు రోడ్డు తన ఫిర్యాదు వల్ల ఆగిపోతుందని తెలిశాక దెబ్బలు తిన్న ఇల్లాలు ఏ మొహంతో గడప దాటుతుంది? ఊరంతా ఆమెనే నేరస్తురాలిగా చూడదూ?

1985 జూలై 15 సాయంత్రం ఏ అవార్డు కమిటీ అయినా కారంచేడు వెళ్ళి ఉంటే దానికి కనబడేది సిరిగల పచ్చటి పల్లె, ఒక మంచినీళ్ళ చెరువు, చేతులు కట్టుకుని నిలబడే పాలేర్లు. ఆ చెరువు నీళ్ళు మురికి చేయొద్దని దళితులు అడ్డు చెప్పడంతో వివాదం మొదలైంది, 17వ తేదీన ఆరుగురు దళితుల ప్రాణాలు పోయాయి. అడ్డు చెప్పేదాకా ఊరు ప్రశాంతంగా ఉందని అప్పుడూ అన్నవాళ్ళున్నారు. ప్రశాంతంగా ఉన్నది ఎవరికి అన్న ప్రశ్న నేరరహిత గ్రామం దరఖాస్తులో ఏ గడిలోనూ ఉండదు.

ఊరు క్షేమమో కాదో నిజంగా తెలుసుకోవాలనుకున్న దేశాలు స్టేషన్ రిజిస్టరును నమ్ముకుని కూర్చోలేదు. అమెరికా 1970ల నుంచి, బ్రిటన్ 1980ల నుంచి ఇంటింటికీ వెళ్ళి, నిరుడు నీకేం జరిగింది, ఎవరికైనా చెప్పావా, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని అడుగుతున్నాయి. దేశమంతటా ఏటా అలా అడిగే సర్వే మనకు లేదు. అడగడం చేతకాక కాదు. కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస గురించిన ప్రశ్నలకు ఒక నియమం ఉంది: ఇంటికి ఒక్క స్త్రీనే అడగాలి, ఆ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, అలా ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేసి వెళ్ళిపోవాలి. ఆదర్శ గ్రామాన్ని ఎంపిక చేసేవాళ్ళు కూడా అదే నియమం పెట్టుకుని, సర్పంచి గారు వెంట రాకుండా, ఊరి చివరి వాడతో మొదలుపెట్టి గడప గడపకూ తిరిగితే సరిపోతుంది. శాలువాలు కొనే పని మాత్రం అప్పటిదాకా ఆపుకోవాలి.