గండిపేట నీళ్లు, కరెంటు బిల్లు

తెల్లారుజామున మూడింటికి నల్లా వస్తదని మా కోడలు ఫోన్ల అలారం పెట్టుకుంటది. హైదరాబాద్ గౌలిపురల మా చిన్నప్పుడు అలారమెక్కడిది? నల్లా తిప్పి, కింద ఖాళీ బిందె పెట్టి పండుకునేటోళ్లం. బిందెల ధార పడ్డ చప్పుడుకే మా అమ్మ లేచేది. “అంటే అప్పుడు గూడ అర్ధరాత్రే వచ్చినట్టు గద” అంటది మా ఇంటామె. ఆమె మాట పట్టించుకోకుండ్రి.

ఆ నల్లా నీళ్ల కథ ఒక వరద కాడ మొదలైతది. మా తాత 1908 తుగ్యానీ వరదను కండ్లార చూసినోడు. మూసి పొంగి దగ్గర దగ్గర పదిహేను వేల మందిని మింగింది. అఫ్జల్‌గంజ్ దవాఖాన కాడి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిండ్రు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది, పోయి చూడుండ్రి. ఇప్పటోళ్లయితే హెలికాప్టర్ల ఒక చక్కర్ కొట్టి, చెక్కులు పంచి పోతుండె. అప్పటి సర్కారు 1909ల విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి పైననే వరదను ఆపాలె అన్నడాయన. 1920కి గండిపేట చెరువు, 1927కి హిమాయత్‌సాగర్ లేచినయి. నడుమ నిజామే మారిండు, పని మాత్రం ఆగలె. పద్దెనిమిదేండ్లు ఒక్క పట్టు మీద ఖజానా నడిచింది. ఇప్పుడు ముఖ్యమంత్రి మారితే ముందుగాల శిలాఫలకం మారుతది. మా మెట్రోనే చూడుండ్రి: 2020 ఫిబ్రవరిల ఇమ్లీబన్ దాకా వచ్చి ఆగింది, ఫలక్‌నుమా దిక్కు శంకుస్థాపన 2024 మార్చిల.

నీళ్ల ముచ్చటకు వస్త. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్‌కు పల్లం పట్టుకొని వాటంతట అవే నడిచొచ్చేటియి. మోటరు లేదు, కరెంటు లేదు. అదే కృష్ణ నీళ్లయితే నాగార్జునసాగర్ కాడికెళ్లి తోడి, కోదండాపూర్ల శుద్ధి చేసి, నూరు కిలోమీటర్లకు పైన మెట్లు మెట్లుగ మోటర్లతో ఎక్కించి సాహెబ్‌నగర్‌కు తేవాలె. ఊరు పెరిగింది, తేక తప్పదు, ఒప్పుకుంట. గని ఆ మోటర్లు ఒక్క రోజు గూడ ఉత్తగ తిరగవు. 2021 జనవరి సంది నెలకు 20 వేల లీటర్లు మాఫ్ అన్నరు. మాఫ్ అయ్యింది నా బిల్లు, మోటర్ల బిల్లు కాదు. అది ఎవలో ఒకలు కట్టాలె గద! సున్నా బిల్లు చూసి నేను గూడ మురిసిపోయిన, అది వేరే సంగతి.

పల్లానికి వచ్చే ఆ నీళ్లనన్న కాపాడుకున్నమా? 1996ల జీవో 111 తెచ్చి, రెండు చెరువుల చుట్టు పది కిలోమీటర్ల దాకా ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద కట్టడాలు వద్దన్నరు. ఒక్క కాయితం, ఇరవై ఆరేండ్లు చౌకీదారు పని చేసింది. 2022ల ఊరికి ఆ చెరువుల నీళ్లతోని పెద్ద అక్కర లేదని ఆంక్షలు ఎత్తేసిండ్రు. తాగే నీళ్లకు అక్కర లేదు సరే, వరదకు? విశ్వేశ్వరయ్య మొదలు కట్టుమన్నదే వరద కోసం. 2020 అక్టోబరుల గుర్రం చెరువు, పల్లె చెరువు అసొంటి చిన్న చెరువుల కట్టలు తెగితెనే పాతబస్తీ గల్లీలల్ల పడవలు తిరిగినయి. మా చెల్లె ఇంట్ల ఫ్రిజ్ తేలి తలుపుకు అడ్డం పడ్డది.

ఇది రాస్తుంటెనే మా నల్లా బుస్సుమన్నది, గాలి. పక్కింటోళ్లు మోటరు పెట్టి గుంజుతున్నరు.

“మామా, మీ విశ్వేశ్వరయ్యను జర పక్కకు పెట్టి మన మోటరు స్విచ్చేయుండ్రి” అని లోపలికెళ్లి కోడలు కేకేసింది.

లేచి పోయి ఏసిన.