ప్రయత్నిస్తాం, ఓటేయండి

ఇద్దరు కలిసి బతుకుతున్నారని రాజ్యాంగం దేన్ని చూసి నమ్మాలి? 2024 మొదట్లో ఐర్లండ్ మొత్తం ఈ చిక్కుముడి ముందు కూర్చుంది. ఎన్నికల కమిషన్ అధ్యక్షురాలు, న్యాయమూర్తి మేరీ బేకర్ ఓపిగ్గా దారి చూపించారు: పెళ్ళిళ్ళకు వాళ్ళని జంటగా పిలుస్తున్నారా, క్రిస్మస్ కార్డు ఇద్దరి పేరా వస్తోందా, ఇలాంటివి గమనించవచ్చు అన్నారు. డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లోని తెలుగువాళ్ళకు ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని అచ్చేయించని శుభలేఖ మన వైపు ఉందా? ఆ లెక్కన మన చుట్టాలందరి బంధాలకూ రాజ్యాంగ రక్షణ దొరికినట్టే. భార్యని తెచ్చుకుంటానని ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం శుభలేఖ జేబులోనే ఉంచుకోండి. వాళ్ళు మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారు.

సంగతేమిటంటే, ఆ ఏడాది మార్చి 8న, అంటే మహిళా దినోత్సవం రోజున, లియో వరాద్కర్ ప్రభుత్వం రెండు రాజ్యాంగ సవరణలను జనం ముందు పెట్టింది. మొదటిది, కుటుంబమంటే పెళ్ళి మీదే కాదు, ‘చిరకాలం నిలిచే ఇతర బంధాల’ మీదా ఏర్పడుతుందని చేర్చడం. అవేం బంధాలో, ఎన్నేళ్ళు నిలిస్తే చిరకాలమో ఎక్కడా రాయలేదు. రెండోది, ఇంట్లో తల్లి చేసే చాకిరీని పొగిడే 1937 నాటి వాక్యాలు తీసేసి, కుటుంబ సభ్యులు ఒకరినొకరు చూసుకోవడాన్ని పొగిడే కొత్త వాక్యం పెట్టడం.

పాత పొగడ్త ఏం ఒరగబెట్టిందో చూడండి. అప్పటి ప్రధాని డెవలేరా హయాంలో వచ్చిన 41.2 అధికరణం ప్రకారం, డబ్బుకి కటకటై తల్లులు ఇల్లు వదిలి పనికి పోవలసిన అవసరం రాకుండా రాజ్యం పాటుపడుతుంది. రాజ్యం నిజంగానే పాటుపడింది. 1973 దాకా, పెళ్ళయిన మరుక్షణం ఆడవాళ్ళ చేత ప్రభుత్వోద్యోగానికి రాజీనామా చేయించింది. తరవాత ఒక గృహిణి ఈ అధికరణాన్నే నమ్ముకుని, ఇన్నేళ్ళు ఇల్లు నడిపాను కాబట్టి ఇంట్లో నాకూ వాటా ఉందని కోర్టుకెక్కింది. హైకోర్టు సగం ఇవ్వమంది. 1991లో సుప్రీంకోర్టు ఆ సగం కాస్తా వెనక్కి లాక్కుంది. రాజ్యాంగం దండ వేసింది గానీ, ఆ దండని కుదువ పెట్టుకుని ఎవరూ అప్పివ్వలేదు.

కాబట్టి ఈ వాక్యాలు పోవలసిందే. అందులో నాకు సందేహం లేదు. అసలు తమాషా వాటి స్థానంలో రాబోయిన దానిలో ఉంది. ప్రభుత్వమే కూర్చోబెట్టిన పౌరసభ, సంరక్షణకు తగిన చర్యలు తీసుకోవడం రాజ్యం బాధ్యత కావాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు మంత్రుల గదుల్లోకి వెళ్ళి వచ్చేసరికి, మద్దతివ్వడానికి రాజ్యం ‘ప్రయత్నిస్తుంది’ అని చిక్కి బయటపడింది. పరీక్ష తప్పిన పిల్లాడు వచ్చే ఏడు ప్రయత్నిస్తానంటే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో తెలుసు కదా. మంచం పట్టిన మనిషిని రాత్రి మూడుసార్లు లేచి పక్కకి తిప్పే వాళ్ళకి కావలసింది సహాయకుల గంటలు, థెరపీ, అలవెన్సు. ఆ అలవెన్సు చేతికి రావాలంటే ఇంటి ఆదాయం లెక్క చెప్పాలి. మొగుడి జీతం కాస్త ఎక్కువుంటే పెళ్ళాం చాకిరీకి విలువ లేదన్నమాట. సెనేటర్ టామ్ క్లోనన్ లాంటి వాళ్ళు ఇదేం బేరమని నిలదీస్తుంటే, వరాద్కర్ టీవీలో కూర్చుని సంరక్షణ కుటుంబం బాధ్యతే గానీ రాజ్యానిది కాదన్న అర్థంలో మాట్లాడారు. కొన్నిసార్లు నాయకులు తమకు తెలియకుండానే సవరణను జనభాషలో వివరించేస్తారు. పోలింగుకి ముందురోజు అటార్నీ జనరల్ సలహా పత్రం బయటికి పొక్కడంతో మిగిలిన ముచ్చటా తీరింది.

కూటమిలోని మూడు పార్టీలూ, ప్రధాన ప్రతిపక్షం షిన్ ఫేన్, లేబర్, సోషల్ డెమొక్రాట్లు, అందరూ ‘సరే’ అనమన్నారు. ఓటర్లలో 44 శాతమే వచ్చారు. వచ్చినవాళ్ళలో 67.7 శాతం కుటుంబ సవరణని, 73.9 శాతం సంరక్షణ సవరణని తోసేశారు. 39 నియోజకవర్గాల్లో కుటుంబ సవరణకి అతి కష్టం మీద తల ఊపింది ఒక్క డన్ లేరీ, శాండీఫోర్డ్‌కి పక్కూరే. జనం మాకు రెండు గట్టిగా తగిలించారని వరాద్కర్ ఒప్పుకున్నారు.

పదాలు పలచనవడం చేతకానితనం అనుకునేవాళ్ళు 2004 చూడాలి. ఆ జూన్‌లో ఇదే దేశం ఇంకో సవరణ చేసుకుంది. ఐర్లండ్ నేల మీద పుట్టినంత మాత్రాన బిడ్డ పౌరుడు కాడని దాదాపు 79 శాతం మంది ఒప్పేసుకున్నారు. అందులో ‘ప్రయత్నిస్తాం’ లేదు, క్రిస్మస్ కార్డుల ఊసు లేదు. వెంటనే చట్టమూ వచ్చింది: బిడ్డ పుట్టడానికి ముందు నాలుగేళ్ళలో తల్లిదండ్రుల్లో ఒకరు మూడేళ్ళు ఇక్కడ ఉండి ఉండాలి, చదువు వీసా మీద గడిపిన కాలం ఆ లెక్కలోకి రాదు. ఎం.ఎస్. చేసి ఉద్యోగంలో చేరి, శాండీఫోర్డ్‌లో అద్దె కడుతూ బిడ్డని కన్న జంటకి ఈ వాక్యం స్పష్టత ఎంతో బాగా తెలుసు. పుట్టిన ఊరు డబ్లిన్, దరఖాస్తు భారత పాస్‌పోర్టుకి. పురుడు పోయడానికి విజయవాడ నుంచి వచ్చే తల్లికి విజిట్ వీసా 90 రోజులు. కుటుంబ సభ్యుల మధ్య ఉండే అనుబంధాన్ని ఓడిపోయిన సంరక్షణ సవరణలోని వాక్యం ఎంత ఆర్ద్రంగా కీర్తించిందో ఆవిడకి విమానం ఎక్కించేటప్పుడు చదివి వినిపించవచ్చు. తీసుకునేటప్పుడు ప్రభుత్వాల భాషలో ఒక్క అక్షరం జారదు. ఇచ్చేటప్పుడే నత్తి వస్తుంది.

అయినా ఐర్లండ్‌లో జనాన్ని అడిగారు, అది మెచ్చుకోవాలి. మనకి ఆ అలవాటే లేదు. భారత రాజ్యాంగాన్ని నూరుసార్లకు పైగా సవరించుకున్నాం, ఒక్కసారీ జనాన్ని ఓటు అడగలేదు. ఆంధ్రప్రదేశ్‌ను విడదీయడానికైతే సవరణ కూడా అక్కర్లేకపోయింది, మామూలు బిల్లు చాలింది. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే, అయిదు రోజులకు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో బిల్లు పాసు. అడగకుండా చేసినందుకు జవాబు ఆ వేసవిలోనే వచ్చింది: కొత్త ఆంధ్రప్రదేశ్‌లో, విభజన చేసిన కాంగ్రెస్‌కి శాసనసభలో సున్నా, లోక్‌సభలో సున్నా.

ఐర్లండ్‌లో లెక్క ఇంత శుభ్రంగా తేలలేదు. పోలింగు జరిగిన పన్నెండు రోజులకి వరాద్కర్ తప్పుకుంటున్నట్టు ప్రకటించారు, కారణాలు వ్యక్తిగతమూ రాజకీయమూ అన్నారు. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో కూటమిలోని గ్రీన్ పార్టీకి ఒక్క సీటు మిగిలింది. ఆ ఒక్కరూ ఈ సవరణల్ని భుజాన మోసిన మంత్రి రోడ్రిక్ ఓగోర్మన్ కావడం విధి చేసిన హాస్యం. పెద్దన్నలు ఫియనా ఫాల్, ఫీన్ గేల్ మళ్ళీ గద్దెక్కారు. 41.2 ఎక్కడున్నది అక్కడే ఉంది కాబట్టి, శాండీఫోర్డ్ తల్లి ఇప్పటికీ డబ్బు కోసం పనికి పోనక్కర్లేదు. ఇంటి లోనుకి ఇద్దరి జీతాలూ చూపించమనే బ్యాంకుకి ఆ సంగతి ఎవరైనా చెప్పాలి. సంరక్షకుల అలవెన్సుకి అడ్డొచ్చే ఆ ఆదాయం లెక్కని ఎత్తేస్తామని కొత్త ప్రభుత్వం తన ఒప్పందంలో రాసుకుంది. ఎప్పుడంటే, దశలవారీగానట.