తిరుగు టికెట్టు సూత్రానికి టీకా తాత్పర్య సహిత వ్యాఖ్య

మూలం: పరదేశానికి పోవువాడు తిరుగు టికెట్టు చూపక విమానమెక్కరాదు.

ఈ సూత్రానికి కర్త ఫలానా అని నిర్ణయించడం కష్టం. చెక్-ఇన్ కౌంటరులో అడిగితే అవతలి దేశపు ఇమిగ్రేషన్ వాళ్ళ నియమమంటారు. ఆ ఇమిగ్రేషన్ అధికారి చాలాసార్లు టికెట్టు ఊసే ఎత్తకుండా ముద్ర వేసి పంపించేస్తాడు. కర్త దొరకని వాక్యాన్ని అపౌరుషేయమనడం పెద్దల మర్యాద గనుక, ఇదీ ఆ కోవలోదే.

ప్రతిపదార్థం విడిచిపెట్టడమైనది. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. టికెట్టంటే ఏమిటో డబ్బు కట్టినవాడికి తెలుసు, అది అక్కర్లేనిది. ప్రతిజ్ఞలో మొదటి సగమే ఇక్కడ నిలవదు. ఈ సూత్రాన్ని అమలు చేసేవాళ్ళు మూలంలో లేనిదే ఎక్కువ చదువుతారు. తిరుగు టికెట్టు లేకపోతే ప్రవేశం నిరాకరించవచ్చు అని ఒక దేశం హెచ్చరిస్తే, కౌంటరు దగ్గరికి వచ్చేసరికి అది ఎక్కనివ్వకూడదనే విధిగా మారుతుంది. అర్థవాదాన్ని విధిగా చదవడం మీమాంసలో దోషం, విమానాశ్రయంలో ఉద్యోగధర్మం.

ఇక విషయం. పౌర విమానయానం మీద 1944లో కుదిరిన షికాగో ఒప్పందానికి 9వ అనుబంధం ఉంది. దిగబోయే దేశానికి కావలసిన పత్రాలు ప్రయాణికుడి దగ్గర ఉన్నాయో లేదో ఎక్కించేముందే చూసుకోవలసిన పూచీని అది విమానసంస్థ మీద పెట్టింది. సరిహద్దులో కాదన్నవాణ్ణి వెనక్కి మోసుకుపోవలసిందీ ఆ సంస్థే. బ్రిటన్ 1987లో దీనికి జరిమానా చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య 2001లో ఇచ్చిన ఆదేశం తలకు కనీసం 3000 యూరోలైనా, లేదా గరిష్ఠ పరిమితి 5000కు తగ్గకుండానైనా జరిమానా పెట్టమంది. ఏ దేశానికి ఏ పత్రం కావాలో చెప్పేది విమానసంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా నడిపే టిమాటిక్ అనే సమాచార నిధి. కౌంటరు ఉద్యోగికి అదే శ్రుతి. ఆ తెర మాత్రం ప్రయాణికుడి వైపు తిరగదు.

పూర్వపక్షి ఇలా అంటాడు: ఈ ప్రయాణికుడు తిరిగి వెళ్తాడు, తిరుగు టికెట్టు ఉన్నందువల్ల. ఇది అనుమానమే గాని హేతువుకు వ్యభిచార దోషం పట్టింది. గడువు దాటి ఉండిపోదలచినవాడే అందరికంటే ముందు తిరుగు టికెట్టు కొంటాడు. ఆ కాగితం వల్ల రుజువయ్యేది ఒక్కటే, దాన్ని కొనే డబ్బు అతని దగ్గర ఉండిందని.

ఈ హేతువును సంపాదించే ప్రయత్నంలో పుట్టిందే డమ్మీ టికెట్టు. దాని స్వరూపం తెలియాలంటే అభావ విచారం చేయక తప్పదు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఏడు పదార్థాలు చెప్పి, ఏడోదిగా అభావాన్ని ఉంచాడు. అది నాలుగు విధాలు. పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం; దానికి ఆది లేదు, అంతం ఉంది. నశించాక ఉండే లేమి ప్రధ్వంసాభావం. దానికి ఆది ఉంది, అంతం లేదు. ట్రావెల్ ఏజెంటు తీసిన పీఎన్నార్, డబ్బు కట్టనందున ఒకటి రెండు రోజుల్లో దానంతటదే రద్దయ్యేది, ఈ రెండు లేముల నడుమ కాసేపు ఉంటుంది. కుండ పగిలితే పెంకులైనా మిగులుతాయి. పీఎన్నార్ పోతే వాట్సాప్‌లో పీడీఎఫ్ మిగులుతుంది. మూడు కాలాల్లోనూ ఉండే లేమి అత్యంతాభావం. కంప్యూటర్‌లో దిద్దిన దొంగ టికెట్టు దీనికి ఉదాహరణ, దాని ఫలం శిక్ష. కుండ బట్ట కాదనడం అన్యోన్యాభావం. షెంగెన్ వీసాకు అడిగేది రిజర్వేషను, దానికి ఆరు అక్షరాల పీఎన్నార్ చాలు. కౌంటరులో అడిగేది టికెట్టు, దానికి పదమూడు అంకెల సంఖ్య ఉండాలి. ఇది అది కాదు, అది ఇది కాదు. ఈ భేదం తెలియనివాళ్ళే విమానాశ్రయంలో బంధువులకు ఫోన్లు చేస్తూ కనిపిస్తారు.

అభావం ఎలా తెలుస్తుందన్న చోట పెద్దలకు పేచీ ఉంది. కంటికే తెలుస్తుందని నైయాయికులు, అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం కావాలని భాట్ట మీమాంసకులు. కౌంటరు ఉద్యోగి భాట్టుడు. తెర మీద కనబడలేదు గనుక లేదంటాడు. కానీ భాట్టులు ఒక షరతు పెట్టారు: ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడనప్పుడే లేదనాలి. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని తేల్చకూడదు. వేరే సంస్థలో కొన్న టికెట్టు ఈ సంస్థ తెర మీద కనబడి తీరాలన్న నియమం లేదు. బస్సు టికెట్టు అసలే కనబడదు, దాన్ని ఒప్పుకునే కోస్టారికా లాంటి దేశాలు ఉన్నా సరే. ఆ భాట్టుల మూలగురువు కుమారిలభట్టు ఆ క్యూలో నిలబడి ఉంటే వాదం మొదటి పూటే ముగిసేది, విమానం మాత్రం వెళ్ళిపోయేది.

ప్రకృతానికి వస్తే, షెంగెన్ దరఖాస్తుతో ప్రయాణపు రిజర్వేషను అడుగుతారు. వీసా చేతికి వచ్చేదాకా టికెట్టు కొనవద్దని హెచ్చరిస్తారు. ఇది అన్యోన్యాశ్రయం. ఇండోనేషియాది మరో తరహా. వీసా ఆన్ అరైవల్ 30 రోజులకు 5 లక్షల రుపియా, మరో 30 రోజులు పొడిగించుకునే వీలు చట్టంలోనే ఉంది. తిరుగు ప్రయాణపు తేదీ మాత్రం పొడిగింపు సంగతి తేలకముందే చూపాలి. చట్టమిచ్చిన వీలును వాడుకోవాలనుకున్నవాడు వెళ్ళని తేదీకి టికెట్టు కొనవలసి వస్తుంది.

దీర్ఘకాల వీసాల దగ్గర ఈ సూత్రం పూర్తిగా గతి తప్పుతుంది. తల్లిదండ్రుల కోసం కెనడా ఇచ్చే సూపర్ వీసా మీద 2022 జులై నుంచి ఒక్క రాకకు 5 ఏళ్ళ దాకా ఉండవచ్చు. విమానసంస్థలు టికెట్లు అమ్మేది సుమారు పదకొండు నెలల ముందు వరకే. అయిదేళ్ళ తర్వాతి తేదీకి టికెట్టు కుందేటి కొమ్ము. ఎమ్మెస్‌కు పోయే విద్యార్థి చేతిలోనూ సాధారణంగా ఒకవైపు టికెట్టే ఉంటుంది, చదువెప్పుడు ముగుస్తుందో తెలియదు గనుక. ఇలాంటి వీసా ఉన్నవాళ్ళను తిరుగు టికెట్టు అడగకూడదన్నది అపవాదసూత్రం. సామాన్య నియమమైన ఉత్సర్గం కన్నా అపవాదం బలమైనదని వ్యాకరణంలో మొదటి పాఠం చదివినవాడికీ తెలుసు. అయినా, పెట్టెలు బెల్టు మీద పెట్టాక, వెనక యాభైమంది చూస్తుండగా అడిగేవాళ్ళున్నారు. ఉన్నవాడు డబ్బు వాపసొచ్చే టికెట్టు కొని, దిగాక రద్దు చేసుకుంటాడు. లేనివాడు కొడుకు ఫీజు కోసం తెచ్చిన అప్పులోంచి, వాపసు రాని టికెట్టు ఫోనులో అప్పటికప్పుడు కొంటాడు. దీన్ని భద్రత అనకూడదు.

సిద్ధాంతం: టికెట్టు ప్రయాణికుడి ఉద్దేశానికి ప్రమాణం కాదు, విమానసంస్థ జరిమానా భయానికి విరుగుడు. వ్యతిరేక దృష్టాంతం ఉంది. 2023 డిసెంబరు నుంచి భారతీయులు వీసా లేకుండా మలేషియాలో 30 రోజులు ఉండవచ్చు. కౌలాలంపూర్‌కు శంషాబాదులో విమానమెక్కేవాణ్ణి తిరుగు టికెట్టు చూపమంటారు. సింగపూర్ నుంచి కాజ్‌వే మీదుగా బస్సులో జొహోర్ బారులో దిగేవాణ్ణి సాధారణంగా ఎవరూ అడగరు. దేశం ఒకటే, నియమం ఒకటే, పాస్‌పోర్టూ ఒకటే. అక్కడ లేనిది విమానసంస్థ.