బార్బడోస్‌కి రెండు హైకుల దూరంలో

పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రి, "అబ్బాయి ఉండేదెక్కడ?" అని అడిగాడు.

"ఇక్కడేనండి, మా దగ్గరే," అంది తల్లి.

అబ్బాయి కుర్చీలో ముందుకి జరిగి సవరించాడు. "ప్రస్తుతానికండి. మలేషియాకి ఎలిజిబులే. బార్బడోస్‌కి మాత్రం ఇంకో రెండు హైకులు పడాలి."

అడిగినాయన స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషి. సర్వీసంతా ఉక్కునగరంలో గడిపాడు. కాసేపు ఆలోచించి, "అక్కడ క్వార్టర్స్ ఇస్తారా బాబూ?" అన్నాడు. సంబంధం అక్కడితో ఆగింది.

ఇలాంటి కుర్రాళ్ళు ఇప్పుడు వీధికొకరున్నారు. మా భీమిలి వీధిలో ఉన్నవాణ్ణి వీసా బాబు అంటాం. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని హైదరాబాదు నుంచి ఇంటికొచ్చాడు. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ వీసా బాబు మేడ మీది గది ఖాళీ చెయ్యలేదు. కంపెనీ మాదాపూర్‌లో, భోజనం భీమిలిలో, మనసు లిస్బన్‌లో. పొద్దున్న పదింటికి మీటింగ్, ఒంటిగంటకి వంజరం వేపుడు, సాయంత్రం సముద్రపు గట్టు మీద మురీ మిక్చర్. ఇంతటి వైభోగం వదిలి ఎక్కడికి పోదామా అని రాత్రంతా వెతుకుతుంటాడు.

వెతికినవన్నీ, అంటే ఇక్కడి ఉద్యోగం అక్కడ కూర్చుని చేసుకోనిచ్చే వీసాలన్నీ, ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. అడ్డంగా దేశాలు, నిలువుగా షరతులు: ఎన్నాళ్ళుండొచ్చు, నెలకెంత రావాలి, ఫీజెంత, పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా. పెళ్ళికాని వాడికి ఆ చివరి గడి ఎందుకని అడిగితే, "ముందు జాగ్రత్త," అంటాడు. పచ్చరంగు పులిమితే వెళ్ళొచ్చని, పసుపైతే హైక్ కోసం ఆగాలని, ఎరుపైతే ఆ దేశంతో మాటల్లేవని. జపాన్ ఎరుపు. 2024లో వాళ్ళు ఆరు నెలల రిమోట్ వర్క్ వీసా మొదలుపెట్టి, ఏడాదికి కోటి యెన్‌లు సంపాదించాలన్నారు. అది భరించాడు. తమ దేశానికి మామూలుగా వీసా లేకుండా రాగలిగే దేశాల వాళ్ళకే ఇస్తామన్నారు, అందులో మనం లేము. ఇది మాత్రం భరించలేకపోయాడు. వారం రోజులు వాళ్ళ నాన్న టయోటా కారు ఎక్కలేదు.

ఎస్తోనియాది ఇంకో గాయం. ఈ తరహా వీసాలకి దారి చూపించిన దేశాల్లో అదొకటి. 2020 ఆగస్టులో మొదలుపెట్టినప్పుడు నెలకి 3,504 యూరోలు సంపాదిస్తే చాలన్నారు. మనవాడు పళ్ళు బిగించి, రెండు ప్రమోషన్లు కొట్టి, ఆ అంకె దరిదాపులకి వెళ్ళేసరికి 4,500 చేసి కూర్చున్నారు. "నా అప్రైజల్ సంగతి తాలిన్‌లో ఎవరు చెప్పారో!" అని అనుమానంగా చూశాడు. నావైపే చూశాడు.

పోర్చుగల్‌ది మరీ ఘోరం. 2022 అక్టోబరులో తెచ్చిన వీసాకి వాళ్ళ కనీస వేతనానికి నాలుగింతలు రావాలని పెట్టారు. అక్కడ కూలీల జీతం పెరిగినప్పుడల్లా ఇక్కడ భీమిలిలో ఒక ముఖం మాడిపోతుంది. కార్మికులంటే అభిమానం ఉన్న కుటుంబం, బయటికి అనడానికీ లేదు.

అలాగని అన్ని తలుపులూ మూసుకుపోలేదు. ఐటీ వాళ్ళు ఏడాదికి 24,000 డాలర్లు తెచ్చుకుంటుంటే చాలు, రమ్మంటుంది మలేషియా. బార్బడోస్ 50,000 అడుగుతుంది, పైన రెండు వేల ఫీజు. 2024 జూలైలో థాయ్‌లాండ్ అయితే ఏకంగా ఐదేళ్ళ వీసా ప్రకటించింది: వెళ్ళినప్పుడల్లా 180 రోజులుండొచ్చు, నెల జీతం ఇంత రావాలన్న పేచీ లేదు, బ్యాంకులో ఐదు లక్షల బాట్లు చూపిస్తే సరి. ఆ డబ్బు వీసా బాబు దగ్గరుంది. గడి పచ్చగా మారింది. మేం పార్టీ అడిగాం. వీసా బాబు చల్లగా, "అబ్బే, అక్కడ ఉక్కపోత ఎక్కువటండి," అన్నాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం, భీమిలి బస్టాండులో నిలబడి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ.

నాకు అప్పుడర్థమైంది, ఇతనికి దేశాలక్కర్లేదు, షరతులు కావాలి. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ ముహూర్తాలు పెడుతూ తను బ్రహ్మచారిగా మిగిలిపోయిన పంతులుగారి లాంటివాడు.

పాస్‌పోర్టు సంగతి చెప్పాలి. మొదటిది 36 పేజీలది, పదేళ్ళుండి కాలం చేసింది. ఒక్క ముద్ర పడలేదు. పట్టుచీరల మడతల్లో ఉండి ఉండి కర్పూరం వాసన మాత్రం పట్టింది. రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు బుద్ధిమంతుడెవడైనా మళ్ళీ 36 పేజీలదే తీసుకుంటాడు. వీసా బాబు ఐదొందలు ఎక్కువ కట్టి 60 పేజీలది తీసుకున్నాడు. "ఈసారి సరిపోవండి," అన్నాడు. 2023 మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన రోజున మా వీధిలో మిఠాయి పంచింది కూడా ఇతనొక్కడే.

పన్నుల పాండిత్యం వేరే. ఏ దేశంలోనూ 183 రోజులు నిండనివ్వకూడదట, నిండితే అక్కడివాళ్ళు పన్ను అడుగుతారట. మరి ఎక్కడా నిండకుండా తిరిగితే? దానికి 2020 బడ్జెట్‌లో మనవాళ్ళు మేకు కొట్టారు: భారత పౌరుడై ఉండి, విదేశీ సంపాదన కాకుండా 15 లక్షలు దాటిన ఆదాయం ఉండి, ఏ దేశంలోనూ పన్నుకి లోబడకపోతే, మనిషి ఎక్కడ తిరిగినా ఇండియాలో ఉన్నట్టే లెక్క. ఈ సెక్షను చదివి వీసా బాబు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఎక్కడా లేకపోయినా ఇక్కడున్నట్టేనటండీ!" అని వాపోయాడు. ఇక్కడే ఉన్నవాడికి బాధేమిటో నాకంతు పట్టలేదు.

ఓసారి డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెడ్డాఫీసు పెట్టుకున్న కంపెనీకి పదిహేడో శతాబ్దంలోనే మా ఊళ్ళో కూర్చుని పనిచేసినవాళ్ళు వీళ్ళు. ఏ వీసా, ఏ పన్ను గొడవా లేకుండా వచ్చారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయినా, ఈ సమాధుల్లోని వాళ్ళు మాత్రం కదల్లేదు. వీసా బాబు రాళ్ళ మీది తేదీలు శ్రద్ధగా చూసి, "పర్మినెంట్ రెసిడెన్సీ," అన్నాడు. గొంతులో అసూయ దాచుకోలేదు.

ఇక పక్కింటి పిన్ని. కూతురు అమెరికాలో ఉంది, మొదటి పురిటికి పిన్ని బయల్దేరింది. వీసా పదేళ్ళది వచ్చింది. పదేళ్ళూ ఉండిపోవచ్చనుకుంది. వీసా బాబు గంటన్నర కూర్చోబెట్టి చెప్పాడు: వీసా గడువు వేరు, ఉండే గడువు వేరు, దిగిన చోట ఆఫీసరు రాసేదే లెక్క, మామూలుగా ఆరు నెలలిస్తారు. అక్షరం పొల్లుపోలేదు. ఈ విషయంలో ఇతన్ని మెచ్చుకోవాలి. డబ్బు తీసుకుని కూడా తప్పుగా చెప్పేవాళ్ళని చూశాను. పిన్ని వెళ్ళింది, పిల్లకి నీళ్ళు పోసింది, ఆరు నెలలు నిండకుండా వచ్చింది. రెండో పురిటికి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఏటి బాబూ, నాను రెండుసార్లు ఎల్లొచ్చీసాను, నువ్వింకా కాయితాలే సూత్తన్నావా?" అంది ఒకరోజు గోడ మీంచి.

"ఒక్క కాగితం ఆగింది పిన్నీ. కంపెనీ లెటరు."

అది నిజమే. చాలా దేశాలకి ఉద్యోగస్తుడు చూపించవలసిన కాగితం ఒకటుంది: మావాడు మీ ఊళ్ళో కూర్చుని పనిచేసుకోవడానికి మాకభ్యంతరం లేదని కంపెనీ రాసివ్వాలి. అందుకు మేనేజర్ని అడగాలి. అడుగుతూ రాసిన మెయిలు రెండేళ్ళుగా డ్రాఫ్ట్స్‌లో ఉంది. ఇంగ్లీషు మెరుగుపెడుతున్నాడు. 'హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్' ఉంచాలా తియ్యాలా అన్న దగ్గర ఆగిందని నాకు తెలుసు, నన్ను సలహా అడిగాడు గనక.

మొన్న ఆ లెటరు వచ్చింది, అడక్కుండానే. వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు మాదాపూర్ ఆఫీసులో కనిపించాలని.

కుంగిపోతాడనుకున్నాను. సాయంత్రానికల్లా షీట్‌లో కొత్త వరస చేరింది: హైదరాబాద్. నివాసానికి రుజువు: పీజీ హాస్టల్ రసీదు, రెండు నెలల అడ్వాన్సు. గుర్తింపు: ఆధార్ జిరాక్సు, కంపెనీ ఐడీ. ఆదాయ అర్హత గడిలో ఇలా ఉంది: 'సింగిల్ రూమ్, ఏసీ, అటాచ్డ్ బాత్‌రూమ్ కావాలంటే బార్బడోసే నయం.' రంగు ఇంకా వెయ్యలేదు.

బయల్దేరేరోజు పిన్ని ఆవకాయ తెచ్చింది. అమెరికాకి కట్టే అలవాటు చొప్పున మూడు పాలిథిన్ సంచులు తొడిగి, చుట్టూ టేపు వేసి, పైన పేరు రాసింది.

"గోదావరి ఎక్స్‌ప్రెస్ పిన్నీ. ఎవరూ విప్పి చూడరు."

"అయితే ఎన్నాళ్ళుండనిత్తారేటి?"

"వారానికి మూడు రోజులు."

"అంతేనా? మా అమెరికావోడే నయం బాబూ, ఆర్నెల్లిచ్చాడు."